చంబల్ బీహడ్లలో జీపు ప్రయాణం, గుడారంలో బస: హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి సలహాలు కావాలి

మేడ్చల్ బాటసారి
అక్టోబరు 6, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. స్నేహితులం మూడు బండ్లతో మధ్యప్రదేశ్ ఉత్తరాన చంబల్ నది పక్కన వాన నీరు కోసిన మట్టి లోయలకు (వాటినే అక్కడ బీహడ్లంటారు) వెళ్లాలనుకుంటున్నాం. రెండు థార్‌లు, ఒక జిమ్నీ. పెద్దలు ఆరుగురు, పిల్లలు ఇద్దరు. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే నాగ్‌పుర్, సివనీ, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్ దాటి మురైనా దగ్గర చంబల్ వంతెన ఎక్కుతుందని పటంలో చూసినప్పటి నుంచి ఈ ఆలోచన నన్ను వదలడం లేదు. దారి పొడవు 1,200 కిలోమీటర్ల పైమాటే.

అనుకున్నది ఇదీ. సంక్రాంతి సెలవుల్లో బయలుదేరతాం. రెండు రోజుల్లో గ్వాలియర్ చేరుకుంటాం. మురైనా దాటాక తారు రోడ్డు వదిలేసి, ఏ బాటా పట్టుకోకుండా, దిక్సూచి చూసుకుంటూ లోయల్లోంచి నది దాకా దిగుతాం. నది ఒడ్డున ఇసుకలో గుడారాలు వేసుకుని, మంట వేసుకుని, రెండు రాత్రులు ఉంటాం.

టైర్లు, తాళ్లు, నీళ్లు, అనుమతులు, ఏ విషయమైనా చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం చంబల్ పేరు వినగానే బందిపోట్ల మాట ఎత్తుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో కూడా చెప్పండి.


నల్లరేగడి
అక్టోబరు 6, రాత్రి 10:40

తమ్ముడూ, ముందు పెద్దవాళ్ల సంగతి. 1960లో వినోబా భావే భిండ్ ప్రాంతంలో పాదయాత్ర చేసినప్పుడు కొందరు తుపాకులు దించారు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ ఎదుట జౌరా ఆశ్రమంలో వందల మంది లొంగిపోయారు. 1983లో ఫూలన్ దేవి భిండ్‌లో లొంగిపోయింది. ఆ కాలం గడిచిపోయింది. ఇప్పుడు అక్కడ రాత్రిపూట భయపడవలసింది ఇసుక ట్రాక్టర్లకు. అభయారణ్యంలో ఇసుక తవ్వకం నిషేధం. కాబట్టి దొంగచాటుగా తోలేవాళ్లు దీపాలు ఆర్పేసి, ఎదురుగా ఎవరున్నా ఆగకుండా పోతారు. 2012లో మురైనా జిల్లాలో అక్రమంగా తవ్విన రాయి తరలిస్తున్న ట్రాక్టర్‌ను ఆపబోయిన ఒక యువ ఐపీఎస్ అధికారి దాని కిందే పడి చనిపోయారు. అందుకే పొద్దు గుంకాక నది వైపు దారుల్లో చక్రం కదపవద్దు. ఇది సలహా అనుకోకుండా నియమంగా పెట్టుకోండి.

రెండోది, సంక్రాంతి వద్దు. జనవరిలో గ్వాలియర్, మురైనా, ధోల్‌పుర్ అంతటా పొగమంచు కమ్ముకుంటుంది. మన కోహెడ దగ్గరో, శామీర్‌పేట దగ్గరో తెల్లవారుజామున కనిపించే పలుచని మంచు దాని ముందు లెక్కలోకి రాదు. బానెట్ చివర కూడా కనిపించని ఉదయాలుంటాయి. హైవే మీద ఆగిన లారీని గుర్తుపట్టేలోపే దాని కిందికి పోతాం. రాత్రి చలి 5 డిగ్రీలకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. దీపావళి వెళ్లిన తర్వాత నవంబరు రెండో సగం బాగుంటుంది. అది కుదరకపోతే ఫిబ్రవరి.

మూడోది, రెండు రోజుల్లో గ్వాలియర్ చేరవచ్చు, కానీ పిల్లలతో కాదు. మేడ్చల్ నుంచి తెల్లవారకముందే బయలుదేరి నిర్మల్, ఆదిలాబాద్ దాటి నాగ్‌పుర్‌కో సివనీకో చేరి ఆగండి. ఈ రెంటి మధ్య పెంచ్ అడవి వస్తుంది. అక్కడ రహదారిని ఎత్తు మీద కట్టి, కింద జంతువులు దాటడానికి దారులు వదిలారు. ఆ భాగం పగటి వెలుగులో దాటితే పిల్లలకు చూపించవచ్చు. రెండో రాత్రి సాగర్ లేదా ఝాన్సీ. మూడో రోజు మధ్యాహ్నానికి మురైనా. లోయల్లోకి అలసిపోయిన డ్రైవర్ దిగకూడదు.

దిక్సూచితో బాట లేకుండా దిగే ఆలోచన మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మట్టి సంగతి నాకన్నా బాగా చెప్పగలిగేవారు ఇక్కడున్నారు, వారు చెబుతారు.


కొత్త జిమ్నీ
అక్టోబరు 7, ఉదయం 7:05

ఆ మూడో బండి నాదే. నడపడం అంతా కొండాపూర్ నుంచి ఆఫీసుకే. జిమ్నీ బాగా ఎక్కుతుందని అందరూ అంటారు గానీ నాకున్న అనుమానం కిందిభాగం తగలడం గురించి. థార్ వెళ్లిన చోటికల్లా నేనూ వెళ్లగలనా? బయలుదేరేలోపు ఏం నేర్చుకోవాలి?


రాణిగంజ్ రెంచి
అక్టోబరు 7, ఉదయం 11:30

మీ అనుమానం సరైన చోటే ఉంది. అయిదు తలుపుల జిమ్నీలో ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లు, మూడు తలుపుల థార్‌లో 2,450. ఆ తేడా వల్ల గట్టు ఎక్కి దిగేటప్పుడు బండి నడుము తగిలే కోణం థార్‌కు 26, 27 డిగ్రీల దాకా, మీకు 24. బీహడ్లలో గట్లు వాడిగా ఉంటాయి కాబట్టి ఆ రెండు మూడు డిగ్రీలు నిజంగానే లెక్కకొస్తాయి. థార్ దాటిన ప్రతి గట్టునూ మీరు దాటాలని పట్టుపట్టవద్దు. దిగి, చూసి, అవసరమైతే పారతో గట్టు అంచును చదును చేసుకుని కదలండి. ఇక బరువు విషయంలో మీదే పైచేయి. జిమ్నీ తేలిక, మెత్తటి ఇసుకలో థార్ దిగబడిన చోట మీరు దాటిపోవచ్చు.

నేర్చుకోవలసింది లో రేంజ్, అంటే వేగం తగ్గించి లాగే బలం పెంచే గేర్ల వరుస. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, లివర్ మార్చడం చేతికి అలవాటు కావాలి. దిగుడులో మొదటి గేరు లో రేంజ్‌లో వేసి, క్లచ్ మీద నుంచి కాలు తీసి, బ్రేకు వీలైనంత తక్కువ వాడాలి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. భయంతో క్లచ్ తొక్కితే ఆ పట్టు పోతుంది, బండి జారుతుంది. ఎక్కుడైనా దిగుడైనా వాలుకు నిటారుగానే పోవాలి. ఏటవాలుగా పోతే పక్కకు దొర్లుతుంది. సగం ఎక్కి ఆగిపోతే తిప్పే ప్రయత్నం చేయవద్దు, రివర్స్‌లో వచ్చిన దారినే నేరుగా దిగాలి. ఇవన్నీ శంకర్‌పల్లి వైపో వికారాబాద్ వైపో తెలిసిన వారి పొలం గట్ల మీద వారిని అడిగి అభ్యాసం చేయండి. మొదటిసారి చేసేది చంబల్‌లో కాకూడదు.

సామాన్లకు రాణిగంజ్‌లో ఒక పూట తిరిగితే చాలు. డి-షాకిళ్లు, అంటే తాడును కొక్కేనికి తగిలించే ఇనుప కడియాలు, కొనేటప్పుడు వాటి మీద 4.75 టన్నులని పోత పోసి ఉందో లేదో చూసి తీసుకోండి. అంకె లేని షాకిల్ ఎంత చవకైనా వద్దు. లాగడానికి సాగే నైలాన్ తాడు కావాలి, ఇనుప తీగ తాడు వద్దు. తాడును బంపర్‌కు గానీ, ట్రెయిలర్ తగిలించే గుండు కొక్కేనికి గానీ ఎప్పుడూ కట్టవద్దు. తెగితే ఆ గుండు తుపాకీ గుండయి అద్దంలోంచి లోపలికి వస్తుంది, ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి. చాసిస్‌కు బిగించిన కొక్కేలకే కట్టాలి. తాడు మధ్యలో తడి దుప్పటి కప్పాలి. లాగుతున్నంతసేపూ పిల్లలు, పెద్దలు తాడు పొడవుకు రెట్టింపు దూరంలో నిలబడాలి.


రాతిపొర
అక్టోబరు 7, రాత్రి 8:20

నల్లరేగడి గారు నా వైపు చూపించారు కాబట్టి రాస్తున్నాను. పిల్లలకు భూగర్భ శాస్త్రం చెప్పడం నా వృత్తి. బీహడ్ నేల గురించి తెలుసుకోకుండా ఎవరూ అక్కడ స్టీరింగ్ పట్టకూడదని నా ఉద్దేశం.

మన దక్కన్‌లో మట్టి పొర పలుచన. కొంచెం తవ్వగానే రాయి తగులుతుంది. గండికోటలో పెన్నా కోసింది రాతిని, అందుకే ఆ గోడలు అలా నిలబడి ఉన్నాయి. చంబల్ దిగువ భాగం అలా కాదు. అక్కడ ఉన్నది ఎన్నో మీటర్ల మందాన పేరుకున్న ఒండ్రు. సన్నటి రేణువుల మట్టి, అక్కడక్కడా సున్నపు గడ్డలు. నది తన పడకను చుట్టుపక్కల మైదానం కన్నా బాగా లోతుకు కోసుకుంది. వానాకాలంలో మైదానం మీద పడ్డ నీరు అంత ఎత్తు నుంచి నదిలోకి దిగాలి. దిగుతూ దారిలోని మట్టిని కోస్తుంది. ఆ కోత నది దగ్గర మొదలై ఏటేటా వెనక్కి, ఊళ్ల వైపు, పొలాల వైపు జరుగుతుంది. బీహడ్ అంటే వెనక్కి నడుస్తున్న కోత. మనం చూసే ఆ చిక్కుదారుల లోకమంతా ఒకప్పుడు చదునైన పొలమే.

బండికి సంబంధించి ఇందులో మూడు విషయాలున్నాయి. మొదటిది అంచు. కింద నీరు తొలిచేయడం వల్ల పైన గట్టిగా కనిపించే అంచు కింద చాలాచోట్ల ఏమీ ఉండదు. మనిషి నిలబడితే ఆగుతుంది, టన్నున్నర బండి నిలబడితే ఆగదు. అంచుకు కనీసం రెండు బండ్ల పొడవు లోపలే ఉండాలి. రెండోది, పైకి కనిపించని సొరంగాలు. నీరు పగుళ్లలోంచి ఇంకి, మట్టి లోపలే దారి తొలుచుకుని, కింద ఎక్కడో బయటికి వస్తుంది. పైకప్పు మిగిలి ఉన్నంతకాలం ఆ చోటు మామూలు నేలలాగే ఉంటుంది. నేల మీద గుండ్రటి రంధ్రం కనిపిస్తే దానికి ఎగువనా దిగువనా సొరంగం ఉందని తెలుసుకుని దూరంగా పోవాలి. మూడోది తడి. ఎండినప్పుడు ఇటుకంత గట్టిగా ఉండే ఈ మట్టి తడవగానే పట్టు వదిలేస్తుంది. చినుకు పడితే దిగవద్దు. లోపల ఉండగా పడితే కదలవద్దు, ఆరే దాకా ఆగాలి. లోతైన వంకలో ఉంటే మాత్రం వెంటనే మనుషులు మెరక మీదికి ఎక్కాలి. బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బాటసారి గారూ, దిక్సూచి పట్టుకుని బాట లేని చోట నడపడం గురించి నా అభ్యంతరం మీ భద్రత ఒక్కటే కాదు. వాలు మీద రెండు చక్రాల గాడి పడిందంటే వచ్చే వానకు నీరు వెతుక్కునే దారి అదే. గడ్డివేళ్లు తెగి, పైపొర చిట్లి, మట్టి వదులై ఉన్న చోట కోత అన్నిటికన్నా ముందు మొదలవుతుంది. మీరు హైదరాబాద్ తిరిగి వచ్చాక కూడా ఆ గాడి అక్కడ పని చేస్తూనే ఉంటుంది. దాని ఎగువన ఎవరిదో ఆవ చేను ఉంటుంది.


ఏటిగట్టు
అక్టోబరు 8, ఉదయం 6:10

ఇసుక మీద గుడారం, మంట అన్న మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు. నేను పక్షులను చూడటానికి అక్కడికి వెళుతుంటాను.

చంబల్ నది, దాని ఒడ్లు 1978–79లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ మూడూ ప్రకటించిన జాతీయ చంబల్ అభయారణ్యం. అనుమతి లేకుండా ప్రవేశించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నిప్పు రాజేయడం ఇంకో నేరం. చట్టం మాట అలా ఉంచండి. ప్రపంచంలో అడవిలో మిగిలిన ఘరియాల్ మొసళ్లలో అత్యధిక భాగం ఈ ఒక్క నదిలోనే ఉన్నాయి. పొడవాటి సన్నని మూతి, మగవాటికి ముక్కు మీద కుండ ఆకారంలో బుడిపె, తినేది చేపలను. మనిషి జోలికి రాని జంతువు. చల్లని నెలల్లో వాటికి వెచ్చదనం ఇచ్చేది ఆ ఇసుక మేటలే. పొద్దెక్కగానే నీళ్లలోంచి వచ్చి గంటల తరబడి ఎండలో పడుకుంటాయి. ఒంట్లో వేడి పుట్టించుకోలేని ప్రాణి అది. జీపు శబ్దానికి మళ్లీ చల్లటి నీళ్లలోకి దూకితే ఆ రోజు దాని ఒంటికి ఎండ దక్కనట్టే. మార్చి, ఏప్రిల్‌లో అదే ఇసుకలో గుంతలు తవ్వి గుడ్లు పెడతాయి. వేసవి మొదట్లో స్కిమ్మర్ పక్షులు కూడా ఆ మేటల మీదే, నేల మీదే, గుడ్లు పెడతాయి. గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి, చక్రం కింద పడినా డ్రైవర్‌కు తెలియదు.

నదిని చూడాలంటే మంచి దారి ఉంది. పడవ. మురైనాకూ ధోల్‌పుర్‌కూ మధ్య వంతెన దగ్గర రాజ్‌ఘాట్‌లో అటవీ శాఖ అనుమతితో పడవలు తిరుగుతాయి. ఉదయం ఎండ కాస్త ముదిరాక ఎక్కండి. మురైనా దగ్గర దేవరీలో ఘరియాల్ కేంద్రం ఉంది. నది ఒడ్డు నుంచి తెచ్చిన గుడ్లను అక్కడ పొదిగించి, పిల్లలు మీటరుకు పైగా పెరిగాక నదిలో వదులుతారు. మీ పిల్లలకు ముందు అది చూపించి, తర్వాత పడవ ఎక్కించండి.


గచ్చిబౌలి గేరు
అక్టోబరు 8, మధ్యాహ్నం 1:45

పై ఇద్దరి మాట మీద గౌరవం ఉంది, అయినా ఒక ప్రశ్న అడగాలి. రోజూ వందల ట్రాక్టర్లు ఆ లోయల్లో తిరుగుతున్నాయి. బుల్‌డోజర్లు పెట్టి బీహడ్లను చదును చేసి పొలాలు చేస్తున్నారు. ఇంత జరుగుతుంటే ఏడాదికి ఒకసారి వెళ్లే మూడు జీపుల గాడి ఆ నేలను పాడు చేస్తుందా? ఇలా ప్రతి చోటా వద్దంటూ పోతే ఈ సరదా ఉన్నవాళ్లం బండి ఎక్కడ నడపాలి? ఎవరూ అడగని, ఎవరికీ అక్కరలేని నేల అనే కదా అక్కడికి వెళ్లేది.


రాతిపొర
అక్టోబరు 8, సాయంత్రం 6:30

గేరు గారూ, ఎవరికీ అక్కరలేని నేల అన్న మాట దగ్గర మనం విడిపోతున్నాం. బీహడ్ లోపల మేకలు మేపేవారున్నారు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లున్నారు. వంక అడుగున చారెడు చదును దొరికితే సజ్జ వేసే కుటుంబాలున్నాయి. మెరక మీద ఒక్కో వానాకాలానికి కొంత చేను పోగొట్టుకుంటూ, కోత తల దగ్గర కట్ట వేసుకుని కాచుకునే రైతున్నాడు. బుల్‌డోజరుతో చదును చేసిన చోట కూడా కట్టలు సరిగా నిలవకపోతే మళ్లీ కోత పడుతుంది. ఆ నష్టం కూడా అతనిదే. ట్రాక్టర్ల వాళ్లు చేస్తున్నది తప్పని మీరే అంటున్నారు. వాళ్ల పక్కన మన గాడి చిన్నదే. కానీ వాళ్లు పోయేది పాత దారి, మనం వేసేది కొత్తది. కోత పుట్టేది కొత్త గాడిలో.

నడపవద్దని నేను అనలేదు. బండ్ల బాటలు, ట్రాక్టరు బాటలు, పశువుల దారులు అక్కడ లెక్కలేనన్ని ఉన్నాయి. లో రేంజ్ అక్కరకొచ్చే ఎక్కుడు దిగుడులు వాటిలోనే కావలసినన్ని ఉంటాయి. ఉన్న గాడిలోనే పోండి. బాట ఆగిపోయిన చోట మీరూ ఆగి, దిగి నడవండి. బీహడ్ లోపలి అందం కాలినడకనే తెలుస్తుంది. గోడల్లో పొరలు, సున్నపు గడ్డల వరుసలు, చిలుకల గూళ్లు, ఇవేవీ అద్దంలోంచి కనిపించవు.


భీమిలి గాలి
అక్టోబరు 8, రాత్రి 9:00

ఉద్యోగం వల్ల ఉంటున్నది కూకట్‌పల్లి, ఊరు మాత్రం భీమిలి. 1,200 కిలోమీటర్లు పోకుండా మన దగ్గరే ఇలాంటి నేల ఉంది కదా అని ఎవరైనా రాసేలోపు నేనే రాస్తున్నాను. విశాఖకూ భీమునిపట్నానికీ మధ్య ఎర్రమట్టి దిబ్బలున్నాయి. అవీ ఇలాగే వానకు కోసుకుపోయిన వంకలే. సముద్రం వెనక్కి వెళ్లిన కాలాల్లో గాలి పోగు చేసిన ఇసుక ఎర్రబారి, కొంత గట్టిపడి, మళ్లీ నీటికి కోసుకుపోయి అలా తయారైంది. ఇలాంటివి తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో ఉన్నాయి. మన దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అక్కడ చక్రం పెట్టకూడదు. చిన్నప్పుడు మేం దాక్కునే వంకలు ఇప్పుడు సెల్ఫీల కోసం ఎక్కి తొక్కడం వల్ల, అంచులు చెక్కడం వల్ల ఎలా మారాయో చూశాను. దయచేసి ఆ పేరు జీపుల పటాల్లో పెట్టవద్దు. నడిచి వెళ్లి చూడండి, కడుపు నిండుతుంది.


గ్వాలియర్ తెలుగు
అక్టోబరు 9, ఉదయం 8:00

ఉద్యోగరీత్యా గ్వాలియర్‌లో ఉంటున్న తెలుగువాడిని. స్థానికంగా తెలిసినది చెబుతాను.

బీహడ్ చూడటానికి, బండ్ల బాటల్లో నడపడానికి, అభయారణ్యపు హద్దు తొక్కకుండా ఉండటానికి నాకు నచ్చే వైపు భిండ్ జిల్లా అటేర్. భదౌరియా రాజుల కోట ఒకటి అక్కడ శిథిలమై ఉంది. కోట చుట్టూ కనుచూపు మేర మట్టి మడతలే. అయితే నది దగ్గరపడే కొద్దీ హద్దు వస్తుంది. అది ఎక్కడ మొదలవుతుందో అటవీ శాఖ వారినే అడిగి పటం మీద గీసుకోండి. ఫోనులోని పటాన్ని నమ్మవద్దు. లోతు వంకల్లో సిగ్నల్ ఉండదు, కాబట్టి పటాలు ముందే దించుకోవాలి. అక్కడ ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది. వచ్చిన దారిని ఫోనులో నమోదు చేసుకుంటూ పోవాలి.

ఊళ్లోకి వెళ్లగానే చేయవలసిన మొదటి పని సర్పంచినో పెద్దమనిషినో కలవడం. ఎవరు, ఎక్కడి నుంచి, ఎందుకు, ఎన్ని రోజులు, ఈ నాలుగూ చెప్పండి. ఇక్కడి వారు అతిథిని గౌరవిస్తారు. చెప్పకుండా రాత్రి లోయలో దీపాలు వేసుకుని కూర్చున్నవారిని మాత్రం అనుమానిస్తారు. అది ఇసుక దందా నడిచే ప్రాంతం కాబట్టి ఆ అనుమానం సహజం. దగ్గరి పోలీసు స్టేషన్‌లో కూడా బండి నంబర్లు రాసి ఇవ్వండి. ఊరి కుర్రవాడిని ఒకరిని కూలి ఇచ్చి వెంట తీసుకెళితే దారి సమస్య, భాష సమస్య రెండూ తీరతాయి. ఇక్కడి పల్లె హిందీ మన హైదరాబాద్ హిందీ వాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు.

నవంబరులో వస్తే ఒక జాగ్రత్త. అప్పటికి ఆవ విత్తి ఉంటారు, మొలక వచ్చి ఉంటుంది. ఖాళీ నేల అనుకున్నది ఖాళీ కాకపోవచ్చు. గుడారం వేసే చోటు రైతు చూపించిందే అయి ఉండాలి.

తిరుగు ప్రయాణంలో ఒక రోజు మిగుల్చుకోండి. మురైనా దగ్గర బటేశ్వర్‌లో సుమారు 200 చిన్న గుళ్లు కుప్పలుగా కూలి ఉండేవి. పురావస్తు శాఖలో పనిచేసిన కె.కె. ముహమ్మద్ గారి ఆధ్వర్యంలో 2005 నుంచి రాయి రాయి వెతికి వాటిలో చాలా గుళ్లను తిరిగి నిలబెట్టారు. దగ్గర్లోనే మితావలి కొండ మీద గుండ్రటి చౌసఠ్ యోగిని గుడి ఉంది. ఇంత దూరం వచ్చి ఈ రెండూ చూడకుండా వెనక్కి పోతే నేను బాధపడతాను. మురైనాలో గజక్ అనే నువ్వుల మిఠాయి కొనుక్కోండి. చలికాలంలో దాని రుచే వేరు.


మేడ్చల్ బాటసారి
అక్టోబరు 9, రాత్రి 10:20

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో కూర్చోబెట్టి అన్నీ చదివి వినిపించాను. మా నాన్నగారు రైతు. రాతిపొర గారు గాడి గురించి రాసింది విని, మన చెలకలో ఎవరైనా అలా తోలితే ఊరుకుంటామా అని ఒక్క మాట అన్నారు. ఇక వాదన లేదు.

మార్చిన పథకం: నవంబరు మూడో వారం. ఒక రాత్రి నాగ్‌పుర్, ఒక రాత్రి ఝాన్సీ. మురైనాలో గదులు తీసుకుని ఉదయం దేవరీ, తర్వాత రాజ్‌ఘాట్ పడవ. మర్నాడు అటేర్ వైపు బండ్ల బాటలు, ఊరి మనిషి తోడుతో, పగలు మాత్రమే. రాత్రి గుడారాలు అభయారణ్యం బయట, ఊరివారు చూపించిన చోట. చివరి రోజు బటేశ్వర్, మితావలి.

ఇంకా తేలనివి రెండున్నాయి. గుడారానికి చోటు చూపించినప్పుడు అది మంచిదో కాదో మేం ఎలా గుర్తుపట్టాలి? పిల్లలకు ఎనిమిదేళ్లు, పదేళ్లు. ఇక బండ్ల మధ్య మాటలు ఎలా? ఉపగ్రహ ఫోను అద్దెకు దొరుకుతుందని ఎవరో అన్నారు.


నల్లరేగడి
అక్టోబరు 10, ఉదయం 5:50

తమ్ముడూ, ఉపగ్రహ ఫోను ముట్టవద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో దాన్ని వాడటం నేరం. విదేశాల నుంచి తెచ్చుకున్న ఉపగ్రహ సందేశ పరికరాలకూ అదే వర్తిస్తుంది. బండ్ల మధ్య మాటలకు లైసెన్సు అక్కరలేని తక్కువ శక్తి వాకీటాకీలు చాలు. అయితే మట్టి గోడ అడ్డొస్తే అవీ పలకవు. అందుకే వెనుక బండి కనిపించకపోతే ముందు బండి ఆగాలి. ప్రతి డ్రైవరూ తన వెనుకవాడికి బాధ్యుడు. ఈ కట్టుబాటు ముందే చెప్పుకోండి.

చోటు గురించి. వంక అడుగున వద్దు, అది చదునుగా, మెత్తగా, గాలి తగలకుండా ఎంత బాగున్నా సరే. పైన ఎక్కడో పడిన వాన అక్కడికే వస్తుంది. అంచు మీద వద్దు, కారణం పైన చెప్పారు. గోడ కింద కూడా వద్దు. రాత్రి చలికి, పగటి ఎండకు ఆ మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. మెరక మీద, అంచుకు దూరంగా, ఊరికి కేక వినిపించేంత దగ్గరలో బీడు భూమి ఉంటే అదే మంచి చోటు. వెలుగుండగానే చేరి, పిల్లలు తిరగగలిగిన హద్దును తాడు కట్టి చూపించండి. రాత్రి లఘుశంకకు కూడా ఒంటరిగా పోనివ్వవద్దు. టార్చి వెలుగులో లోయ అంచు, దాని నీడ ఒకేలా కనిపిస్తాయి. బూట్లు గుడారం బయట వదలవద్దు, వేసుకునే ముందు దులపాలి.

నవంబరు ఆఖరుకు రాత్రి చలి మన ఊహకు మించే ఉంటుంది. చలి పైనుంచి కన్నా నేల నుంచి ఎక్కువ ఎక్కుతుంది. మందపు చాప, దాని మీద పరుపు, ఆ తర్వాతే దుప్పట్లు. మంట వేయాలంటే రైతును అడగండి. వద్దంటే గ్యాసు పొయ్యితో సరిపెట్టుకోండి. కట్టెలు అక్కడివారి వంట చెరకు, ఏరుకుని కాల్చవద్దు. మనిషికి రోజుకు అయిదు లీటర్ల లెక్కన నీళ్లు పెట్టుకుని, పైన ఒక రోజు నీళ్లు అదనంగా ఉంచుకోండి. ఊరి చేతిపంపు మీద ఎనిమిది మంది భారం వేయవద్దు. చెత్త మొత్తం, తడి కాగితాలతో సహా, సంచిలో కట్టి వెనక్కి తీసుకురావాలి.


గచ్చిబౌలి గేరు
అక్టోబరు 10, మధ్యాహ్నం 12:15

బాటసారి గారి నాన్నగారి మాట నాకూ తగిలింది. బీడును, చేనును వేరు చేసి చూడటం మాకు తెలియదు, ఊళ్లో పెరగలేదు. ఒకటి అడుగుతాను. ఆ బాటల్లో సర్కారు తుమ్మ విపరీతంగా ఉంటుందని విన్నాను. ముళ్లకు టైర్లు నిలుస్తాయా?


రాణిగంజ్ రెంచి
అక్టోబరు 10, సాయంత్రం 7:40

మంచి ప్రశ్న. కోతను ఆపడానికి 1980లలో ఆ లోయల మీద ఆకాశం నుంచి సర్కారు తుమ్మ విత్తనాలు చల్లించారు. ఇప్పుడు అది అంతటా అల్లుకుంది. మన ఊళ్లలోని చెట్టే, ముల్లు కూడా అదే. నడిచే దారిలో మందపు అడుగున్న బూట్లు కావాలి, స్పోర్ట్స్ బూట్లలోంచి దిగుతుంది.

టైరు అడుగు భాగం ముల్లును చాలావరకు తట్టుకుంటుంది. తట్టుకోలేనిది పక్క గోడ. ఇసుకలో పట్టు కోసం గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించడం అందరికీ తెలిసిందే. కానీ అలా తగ్గిస్తే పక్క గోడ ఉబ్బి బయటికి వస్తుంది, ముల్లు అక్కడే దిగుతుంది. పక్క గోడకు పడిన రంధ్రం పట్టీ వేసినా నిలవదు. మీరు ఇసుకలోకి పోవడం లేదు కాబట్టి 24, 26 మధ్య ఉంచండి. బాట గరుకుదనం తగ్గడానికి ఆ మాత్రం చాలు. ప్రతి బండికీ పూర్తి సైజు స్టెప్నీ, మూడు బండ్లకూ కలిపి రెండు పంక్చర్ కిట్లు, బ్యాటరీకి నేరుగా తగిలించే కంప్రెసర్ ఒకటి ఉండాలి. సిగరెట్ సాకెట్‌కు పెట్టే చిన్న కంప్రెసర్ రెండు టైర్లు నింపేసరికి వేడెక్కి ఆగిపోతుంది. జాకీ కింద పెట్టడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు గట్టి చెక్క పలక తీసుకెళ్లండి. ఆ మట్టిలో పలక లేకపోతే జాకీయే దిగిపోతుంది.

దిగబడితే యాక్సిలరేటర్ నొక్కుతూ చక్రాలు తిప్పవద్దు. నాలుగు చక్రాల ముందు మట్టి పారతో తీసి, కింద పలకలు పెట్టి, ఇంకో బండితో మెల్లగా లాగండి. బయటపడ్డాక ఆ గుంతలను అదే మట్టితో పూడ్చి, కాళ్లతో తొక్కి గట్టి చేసి, పైన రాళ్లో ఎండు కొమ్మలో పరిచి కదలండి. రాతిపొర గారు చెప్పిన గాడి సమస్యకు డ్రైవర్ చేయగలిగిన పని అదే.

తారు రోడ్డు ఎక్కేముందు టైర్లలో గాలి మళ్లీ తలుపు దగ్గర చీటీలో రాసి ఉన్నంతకు నింపాలి. తక్కువ గాలితో 44వ నంబరు రహదారి మీద వేగంగా పోతే టైరు లోపల వేడెక్కి పగులుతుంది. బయలుదేరే ముందు ఆదివారం మూడు బండ్లూ తీసుకుని రండి, కొక్కేలు, బెల్టులు, రేడియేటర్ గొట్టాలు చూసి పంపిస్తాను. జిమ్నీ గారు తప్పకుండా రావాలి. షాకిల్ బిగించడం, తాడు కట్టడం మీ చేతే చేయిస్తాను.


కొత్త జిమ్నీ
అక్టోబరు 10, రాత్రి 8:05

వస్తాను అన్నా. అంతకు ముందు శనివారం శంకర్‌పల్లి దగ్గర మా మేనమామ పొలం గట్టు మీద లో రేంజ్ అభ్యాసం పెట్టుకున్నాం. ఆయన అనుమతి ఇచ్చారు, కంది చేను వైపు రావద్దని హద్దు కూడా చూపించారు.